టండ్రాలో నేలబారుగా పాకే ఆ నల్ల బెర్రీ తినొచ్చా? తినేదైతే ఎవరూ ఎందుకు కోసుకోవడం లేదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: స్వీడన్ ఉత్తరాన అబిస్కో నుంచి కుంగ్స్‌లెడెన్ దారిలో నాలుగు రోజులు నడిచారు. దారి పొడవునా పొట్టి సూదుల్లాంటి ఆకులతో చాపలా పరుచుకున్న పొద, దాని నిండా మెరిసే నల్లటి కాయలు. పక్కనే బిల్‌బెర్రీలు (బ్లూబెర్రీ లాంటివి) ఏరుకుంటున్నవాళ్లు కూడా దీన్ని ముట్టుకోలేదు. అందుకని ఇది విషమా, కాకపోతే ఎందుకు వదిలేశారు, ఆరేడు నెలల మంచు కింద కూడా ఆకులు పచ్చగా ఎలా ఉంటాయి, ఒక కొమ్మ తెచ్చుకుంటే కుండీలో బతుకుతుందా అని నాలుగు ప్రశ్నలు.

సూటిగా చెప్పేస్తాను. మీ ఫొటోలో ఉన్నది క్రోబెర్రీ. తినొచ్చు, విషం కాదు. రుచి మాత్రం పెద్దగా ఉండదు, పక్కన బిల్‌బెర్రీ ఉండగా దీని జోలికి ఎవరూ వెళ్లకపోవడానికి కారణం అంతే. కుండీ ఆలోచన మానుకోండి. ఇక మంచు కింద పచ్చగా ఎలా ఉంటుందన్న ప్రశ్నకి జవాబు కాస్త పెద్దది, అసలు ఈ మొక్క కథంతా అందులోనే ఉంది. నేను ఈ ఉత్తరాది నేలల్లో మొక్కల సర్వేలు చేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, నా దృష్టిలో అక్కడి కొండవాలుల మీద అందరికంటే పిసినారి, అందరికంటే మొండి మొక్క ఇదే.

ముందు గుర్తుపట్టడం సంగతి, ఎందుకంటే ఫొటో చూసి నేను అవునన్నంత మాత్రాన మీరు రేపు ఇంకో చోట ఇంకేదో నల్ల కాయ నోట్లో వేసుకోకూడదు. క్రోబెర్రీ శాస్త్రీయ నామం ఎంపెట్రం నైగ్రం, బిల్‌బెర్రీ, లింగన్‌బెర్రీల కుటుంబమే. ఎత్తు జానెడు ఉంటే ఎక్కువ. ఆకు నాలుగైదు మిల్లీమీటర్ల పొడవు, చూడ్డానికి సూదిలా ఉన్నా నిజానికి సూది కాదు, మామూలు ఆకే. అంచులు రెండూ కింది వైపుకి చుట్టుకుపోయి దాదాపు కలుసుకుంటాయి. ఆకుని తిరగేసి చూస్తే మధ్యలో సన్నటి తెల్ల గీత కనిపిస్తుంది, అదే ఆ అతుకు. గాలి, చలి తగలకుండా శ్వాసరంధ్రాలని లోపల దాచుకునే ఏర్పాటు అన్నమాట. కాయ కొమ్మకి అంటుకున్నట్టే ఉంటుంది, తొడిమ దాదాపు కనిపించదు. చిదిమితే ముదురు ఊదారంగు రసం, లోపల ఆరు నుంచి తొమ్మిది గట్టి గింజలు.

ఆకులు మాత్రమే చూస్తే పొరపడే అవకాశం ఉంది. అదే వాలులో పెరిగే ఫిలోడోసీ అనే నీలి హీత్ ఆకులు అచ్చం ఇలాగే ఉంటాయి, కాకపోతే దానికి ఊదారంగు గంటల్లాంటి పూలు వస్తాయి, కండగల కాయ రాదు. జూనిపర్ ఆకులు గుచ్చుకుంటాయి, క్రోబెర్రీ ఆకు మెత్తగా మొద్దుగా ఉంటుంది. ఆల్పైన్ బేర్‌బెర్రీకి కూడా నల్ల కాయలే కానీ ఆకులు వెడల్పు, ఈనెలు లోతుగా దిగి ముడతలుగా ఉంటాయి, శరత్కాలంలో ఎర్రగా మండిపోతున్నట్టు కనిపిస్తాయి. అదీ విషం కాదు. అసలు జాగ్రత్త పడాల్సినవి కింద అడవిలో ఉంటాయి. నాలుగు ఆకుల మధ్య ఒకే ఒక్క నల్ల కాయ నిలబడి కనిపిస్తే అది హెర్బ్ పారిస్. వెడల్పాటి చీలిక ఆకులతో, గుత్తిగా నిగనిగలాడే నల్ల కాయలుంటే బేన్‌బెర్రీ. రెండూ విషమే. వీటికీ క్రోబెర్రీకీ పోలికే లేదు, కానీ "నార్డిక్ అడవుల్లో నల్ల కాయలన్నీ తినొచ్చు" అని ఎవరో అన్న మాట పట్టుకుని వెళ్లేవాళ్లని చూశాను కాబట్టి చెప్తున్నాను. సన్నటి ఆకు, నేలబారు చాప, కొమ్మకి అతుక్కున్న కాయ, ఈ మూడూ కలిస్తేనే తినండి.

ఇక రుచి. నీళ్లనీళ్లగా ఉంటుంది. తీపి తక్కువ, పులుపు ఇంకా తక్కువ, తోలు మందం, గింజలు పంటికింద కరకరమంటాయి, చివర్లో నాలుక మీద కొంచెం వగరు. చేతినిండా తీసుకుని ఒకేసారి నోట్లో వేసుకుని, రసం మింగి గింజలూ తోలూ ఉమ్మేస్తే దాహం తీరుతుంది, నడిచేటప్పుడు నేను చేసేది అదే. మంచు ఒకసారి కురిశాక కోసినవి కాస్త మెరుగ్గా ఉంటాయి. కాయలు చలికాలమంతా రాలకుండా కొమ్మమీదే ఉండిపోతాయి, వసంతంలో మంచు కరుగుతుంటే కిందనుంచి నిరుటి కాయలు బయటపడతాయి. అవి కూడా తింటారు.

"ఎవరూ కోసుకోరు" అన్నది మీరు నడిచిన దారి వరకే నిజం. ఐస్‌లాండ్‌లో ఆగస్టు వస్తే కుటుంబాలు డబ్బాలు పట్టుకుని దీనికోసమే కొండలెక్కుతాయి, జ్యూస్, జామ్, జెల్లీ చేస్తారు, స్కీర్ అనే చిక్కటి పాల పదార్థం మీద వేసుకుని తింటారు. అక్కడి పాత బిషప్‌ల గాథల్లో ఒక ముచ్చట ఉంది: 13వ శతాబ్దం మొదట్లో గ్రీన్‌లాండ్ బిషప్ ఒకాయన ఐస్‌లాండ్ వచ్చి క్రోబెర్రీతో వైన్ చేయడం నేర్పాడట, ఆ విద్య ఆయనకి నార్వే రాజు స్వెర్రె నుంచి వచ్చిందట. ద్రాక్ష పండని దేశంలో చర్చి పూజకి వైన్ కావాలి కదా మరి. గ్రీన్‌లాండ్, ఉత్తర కెనడాల్లో ఇన్యూట్ ప్రజలకి ఇది ముఖ్యమైన బెర్రీల్లో ఒకటి. అలాస్కాలో యూపిక్ ఆదివాసులు కొవ్వు, చక్కెర కలిపి గిలక్కొట్టి చేసే అకుతాక్‌లో దీన్ని వేస్తారు. అంటే పక్కన ఇంతకంటే మంచి బెర్రీ దొరికే చోట దీన్ని చిన్నచూపు చూస్తారు, దొరకని చోట నెత్తిన పెట్టుకుంటారు.

మీరు కోసుకోవాలనుకుంటే ఒక్క మాట. పులుపు లేదు కాబట్టి ఒంటరిగా జామ్ చేస్తే చప్పగా వస్తుంది. పుల్లగా ఉండే లింగన్‌బెర్రీతోనో నిమ్మరసంతోనో కలపాలి. నాకు నచ్చిన పద్ధతి, కొద్దిగా నీళ్లు పోసి కాయలు పగిలేదాకా ఉడికించి, గుడ్డలో వడకట్టి, గింజలన్నీ పారేసి, ఆ రసంలో చక్కెర, నిమ్మ కలుపుకోవడం. రంగు అద్భుతంగా వస్తుంది, బట్టల మీద పడితే మాత్రం పోదు. ఆ రంగంతా ఆంథోసయనిన్లే, అందుకే ఈమధ్య దీన్ని ఎండబెట్టి పొడి చేసి "సూపర్‌ఫుడ్" పేరుతో అమ్ముతున్నారు. ఆంథోసయనిన్లు ఎక్కువే, కాదనను, కానీ విటమిన్ సి మిగతా బెర్రీలతో పోలిస్తే బాగా తక్కువ. ఆ పొడి తింటే రోగాలు పోతాయన్న మాటల్ని నేను లెక్కలోకి తీసుకోను.

స్వీడన్‌లో అడవి బెర్రీలు ఎవరైనా కోసుకోవచ్చు, అందరికీ ఉన్న హక్కు అది. నేషనల్ పార్కుల్లో మాత్రం ఒక్కో పార్కుకి ఒక్కో నియమం ఉంటుంది, ప్రవేశం దగ్గర బోర్డు చదివి వెళ్లండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, మంచు కింద పచ్చదనం. చాలామంది అనుకునేది ఏంటంటే సతతహరితం అంటే చలిని లెక్కచేయని మొక్క అని. క్రోబెర్రీ విషయంలో దాదాపు ఉల్టా. అది చలిని తట్టుకునేది ప్రధానంగా మంచు దుప్పటి కప్పుకుని. బయట గాలి మైనస్ 30 ఉన్నా, మందంగా మంచు ఉంటే నేల దగ్గర సున్నాకి కొద్ది డిగ్రీలు మాత్రమే కింద ఉంటుంది. గాలి కోత ఉండదు, ఆకులోంచి నీరు ఆవిరైపోదు. నేలబారుగా పెరగడం వల్ల వచ్చే లాభం అదే, పొట్టిగా ఉన్నందుకే త్వరగా మంచు కిందకి వెళ్లిపోతుంది. గాలికి మంచు నిలవని గుట్టల మీద కూడా బతుకుతుంది కానీ అక్కడ కొమ్మలు ఎలా చచ్చి, మళ్లీ పక్కనుంచి ఎలా చిగురించాయో చూస్తే తెలిసిపోతుంది.

మరి ఆకులు రాల్చేసి హాయిగా నిద్రపోవచ్చు కదా, బిల్‌బెర్రీ చేసేది అదే. కానీ ఆకు తయారుచేయడానికి నత్రజని కావాలి, అక్కడి నేలలో వాడుకోదగ్గ నత్రజని చాలా తక్కువ. ఏటా ఆకుల్ని పారేసి మళ్లీ కొత్తవి కట్టుకోవడం ఈ మొక్కకి దండగ. అందుకే ఒక్కో ఆకుని ఏళ్ల తరబడి వాడుకుంటుంది. పైగా వేసవి చిన్నది, మంచు కరిగిన రోజునే పనిలో దిగగలిగితే ఆ మేరకు లాభం. పూలు కూడా అంతే, పక్క మొక్కలు చిగురు పెట్టేలోపే పూసేస్తుంది. ఆ పూలు మీరు చూసి ఉండరు, ఒకటి రెండు మిల్లీమీటర్లు, ముదురు ఊదా, మోకాళ్ల మీద కూర్చుంటే తప్ప కనపడవు. పుప్పొడిని ఎక్కువగా గాలే మోస్తుంది.

ఇంతవరకు పొదుపు. దీని తర్వాతి నడకని మాత్రం నేను పొదుపు అనను, దౌర్జన్యం అంటాను. క్రోబెర్రీ ఆకుల్లో బటాటసిన్-3 అనే ఫినాల్ రకం రసాయనం ఉంది, 1990ల మొదట్లో స్వీడన్ పరిశోధకులు దీని ప్రభావాన్ని బయటపెట్టారు. రాలిన ఆకుల నుంచి, వాన నీటితో కడిగి దిగే రసం నుంచి ఇది నేలలోకి చేరుతుంది. పైన్ లాంటి చెట్ల గింజలు అక్కడ మొలకెత్తలేవు, మొలకెత్తినా వేళ్లు సాగవు. ఇదే కుటుంబపు రసాయనాలు చైనా పెండలం దుంపల్ని నిద్రావస్థలో ఉంచుతాయి, అక్కడ అవి మొక్కని నిద్రపుచ్చడానికి, ఇక్కడ పక్కవాడిని లేవనివ్వకుండా చేయడానికి. అది చాలదన్నట్టు ఆకుల్లోని టానిన్లు అనే వగరు పదార్థాలు నేలలో ఉన్న నత్రజనిని పట్టి కట్టేస్తాయి. గడ్డి ఆ నత్రజనిని తీసుకోలేదు. క్రోబెర్రీ వేళ్లలో కాపురం ఉండే శిలీంధ్రం మాత్రం ఆ ముడిని విప్పి దీనికి అందిస్తుంది. రాలిన ఆకు కుళ్లడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఈ నియంత్రణ కూడా ఏళ్లు సాగుతుంది. మీరు నడిచిన దారిలో క్రోబెర్రీ చాప మధ్యలో గడ్డి, పూల మొక్కలు ఎంత తక్కువున్నాయో ఈసారి గమనించండి.

దీనికి విరుగుడు నిప్పు. అడవి కాలితే పైపై చాప పోతుంది, పైగా బొగ్గు ఆ రసాయనాల్ని పీల్చేసుకుంటుంది, అప్పుడు చెట్లకి చోటు దొరుకుతుంది. స్వీడన్ ఉత్తరాన హోర్నావాన్, ఉద్యౌరె అనే సరస్సుల్లో పదుల కొద్దీ దీవులున్నాయి. పెద్ద దీవుల మీద పిడుగు పడే అవకాశం ఎక్కువ కాబట్టి అవి తరచూ కాలతాయి, చిన్నవి వేల ఏళ్లు కాలకుండా ఉండిపోతాయి. ఆ చిన్న దీవుల్లో నేల మీద పెత్తనం క్రోబెర్రీదే. ఒకే సరస్సు, ఒకే వాతావరణం, తేడా అంతా నిప్పు ఎప్పుడు వచ్చిందన్నదే. మొక్కల పర్యావరణం గురించి కొత్తవాళ్లకి చెప్పాల్సి వస్తే నేను ఎప్పుడూ ఈ దీవుల దగ్గరే మొదలుపెడతాను.

రెయిన్‌డీర్లు వేరే మేత ఉంటే దీన్ని ముట్టుకోవు. మెచ్చే గడ్డిని తినేసి దీన్ని వదిలేస్తే పోను పోను చాప ఇంకా పెరుగుతుందన్నది మేపుకునేవాళ్ల నోట నేను విన్న బాధ, అందులో న్యాయం ఉంది.

అయితే ఈ మొండి మొక్కకి రెండు బలహీనతలు. మొదటిది నడి చలికాలంలో ఉన్నట్టుండి వాతావరణం వెచ్చబడటం. మంచు మధ్యలో కరిగిపోతే పైనున్న రక్షణ పోతుంది, మొక్క వసంతం వచ్చిందనుకుని చలికి సిద్ధపడిన స్థితి వదులుకుంటుంది, వారంలో చలి తిరిగొస్తే చస్తుంది. 2007 డిసెంబరులో ఉత్తర స్కాండినేవియాలో సరిగ్గా ఇదే జరిగింది. తర్వాతి వేసవిలో 1,400 చదరపు కిలోమీటర్లకు పైగా ప్రాంతంలో పచ్చదనం ముందు ఏడాదికంటే 26 శాతం తగ్గినట్టు ఉపగ్రహ చిత్రాల్లో తేలింది, గోధుమరంగులోకి మారిన నేలలో ఎక్కువ భాగం క్రోబెర్రీదే. రెండోది పురుగు. బర్చ్ చెట్ల ఆకులు తినే చిమ్మట గొంగళి పురుగులు విపరీతంగా పెరిగిన ఏడాది చెట్లు ఖాళీ అయ్యాక కిందకి దిగి దీన్ని కూడా గీకేస్తాయి. బర్చ్ మళ్లీ చిగురిస్తుంది, ఏళ్లకేళ్లు దాచుకున్న ఆకులు ఒక్కసారిగా పోయిన క్రోబెర్రీ అంత తొందరగా లేవలేదు. నార్వే ఈశాన్య మూలన అలాంటి దాడుల తర్వాత క్రోబెర్రీ నేల గడ్డి నేలగా మారిన చోట్లు ఉన్నాయి. పిసినారితనం పనిచేసేది దొంగలు పడనంత కాలమే.

కాలి తొక్కిడికి కూడా ఇది తట్టుకోదు, అందుకే దారి బురదగా ఉందని పక్కనున్న చాప మీద నడవకండి. కాండం వేలి మందం కూడా ఉండదు, అయినా కోసి సూక్ష్మదర్శిని కింద వలయాలు లెక్కపెడితే దశాబ్దాల వయసు బయటపడుతుంది. ఏడాదికి పెరిగేది కొన్ని సెంటీమీటర్లే.

మీరు పీట్ చిత్తడిలో (సగం కుళ్లిన నాచు పేరుకున్న తడి నేలలో) కూడా చూశానన్నారు, నిజమే, కానీ గమనిస్తే అక్కడ నీళ్లలో ఉండదు, స్ఫాగ్నం నాచు దిబ్బల నెత్తిన ఉంటుంది. నాచు పెరిగి కొమ్మల్ని మింగేస్తుంటే ఆ కొమ్మలకే కొత్త వేళ్లు వేసుకుంటూ పైకి జరుగుతుంది.

పక్షుల గురించి చెప్పకపోతే జవాబు పూర్తవదు, కాయ ఉన్నది మనకోసం కాదు కదా. టార్మిగన్లు అనే మంచు కోళ్లు, విమ్బ్రెల్ లాంటి పొడుగు ముక్కు పక్షులు, నక్కలు, ఎలుగులు అన్నీ తింటాయి. ఎస్కిమో కర్ల్యూ అనే పక్షి దక్షిణ అమెరికాకి వలస వెళ్లే ముందు కెనడా తూర్పున ఉన్న లాబ్రడార్‌లో దిగి క్రోబెర్రీలు తిని కొవ్వు పట్టేది. ఆ పక్షిని వేటాడి వేటాడి తుడిచిపెట్టారు, రూఢిగా చివరిసారి కనిపించింది 1963లో. పక్షులు ఈ గింజల్ని ఎంత దూరం మోస్తాయంటే, దక్షిణ అమెరికా కొసన, ఫాక్లాండ్ దీవుల్లో ఇదే ప్రజాతికి చెందిన ఎర్ర కాయల క్రోబెర్రీ ఉంది, మధ్యలో ఉష్ణమండలమంతా ఖాళీ. జన్యు పరిశోధన చెప్పేదాని ప్రకారం మంచుయుగాల కాలంలో ఏదో ఒక పక్షి ఉత్తరం నుంచి ఒక్కసారి మోసుకెళ్లిన గింజలతోనే దక్షిణాది క్రోబెర్రీలన్నీ మొదలై ఉండొచ్చు.

చివరిగా కుండీ. వేడి చోటులో బతకదు. పగటి వేడి సంగతి అటుంచి రాత్రులు వెచ్చగా ఉంటే పగలు సంపాదించిన పిండిపదార్థమంతా శ్వాసక్రియకే ఖర్చైపోతుంది. ఆమ్ల నేల, వేళ్లలో శిలీంధ్రం, నెలల తరబడి గడ్డకట్టే చలి, ఇవన్నీ కావాలి. గింజలు చలి తగలనిదే మొలవవు, తగిలినా ఒక్కోసారి ఏడాది దాటాకే మొలుస్తాయి. చల్లటి దేశంలో ఉన్నవాళ్లు కూడా అడవిలోంచి పీకకండి, నర్సరీలో పెంచిన మొక్క కొనండి. పీకి తెచ్చిన మొక్కల్లో నేను చూసినంతవరకు దాదాపు ఏవీ నిలదొక్కుకోలేదు.

కొనేటప్పుడు ఒకటి అడగండి. మామూలు రకంలో మగ మొక్క, ఆడ మొక్క వేరువేరు, ఒక్కటే పెడితే కాయ రాదు. ఉత్తరాన, కొండల మీద ఎక్కువగా ఉండేది హెర్మాఫ్రొడైటం అనే ఉపజాతి, అందులో క్రోమోజోములు రెట్టింపు, ఒకే పువ్వులో రెండూ ఉంటాయి. తేడా పట్టడం తేలిక: పండిన కాయ మొదలు దగ్గర, అంటే కొమ్మకి అతికే వైపు, ఎండిపోయిన కేసరాలు వెంట్రుకల్లా అంటుకుని ఉంటే రెండో రకం. మీరు తీసిన ఫొటోలో కాయ పైభాగమే కనిపిస్తోంది. మొదలు వైపు దగ్గరగా తీసింది ఇంకోటి ఉంటే కింద పెట్టండి, ఏ రకమో చెప్తాను. అబిస్కో పైవాలులు కాబట్టి రెండోదే అయి ఉంటుందని నా అంచనా.